టిక్కెట్టు లేని తల

సత్తెనపల్లిలో మిషను కాంపౌండు వెనక వీధిలో ప్రభుదాసు ఇంటి దగ్గర రోజూ పొద్దున్నే రెండు పొయ్యిలు రాజుకునేవి. ఒకటి అతని తల్లి సారమ్మ వంటింట్లోది. రెండోది బస్సుది. వంటింటి పొయ్యి ఎప్పుడు రాజుకున్నా అడిగేవాళ్ళు లేరు. బస్సు పొయ్యి మాత్రం ఆరున్నరకల్లా రాజుకోకపోతే ఆ ఇంట్లో ఆడవాళ్ళకు మాటలు పడేవి.

యుద్ధం రోజులు. మిలటరీ వాళ్ళకు పోగా మిగిలిన పెట్రోలు చీటీల మీద చుక్కలు చుక్కలుగా వచ్చేది. అందుకని ప్రభుదాసు తన పాత బస్సు వెనక మనిషెత్తు ఇనప డబ్బా ఒకటి బిగించాడు. అందులో తుమ్మబొగ్గులు పోసి, నిప్పు పెట్టి, పక్కనున్న బ్లోయరు చక్రాన్ని చేత్తో ముప్పావుగంట తిప్పితే గ్యాసు పుట్టేది. గొట్టం చివర అగ్గిపుల్ల గీసి పెడితే నీలంగా మండాలి. నీలంగా మండితే ఇంజను కదులుతుంది. ఎర్రగా మండితే ఇంకా తిప్పాలి. ఆ చక్రాన్ని పధ్నాలుగు నెలలుగా తిప్పుతున్నది ప్రభుదాసు భార్య దయామణి.

కూలికి మనిషిని పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. ఇంట్లో మనిషి ఉండగా బయటి మనిషెందుకు అన్నాడు. ఈ ఒక్క మాట మీద ఎన్ని ఇళ్ళు నడుస్తున్నాయో, ఎందరు ఆడవాళ్ళ రెక్కలు అరిగిపోతున్నాయో ఎవరూ ఆరా తీయరు.

దయామణి పని అక్కడితో అయిపోదు. అచ్చంపేట దారిలో, ఎనిమిది మైళ్ళ అవతల, కొత్తపాలెంలో ఆమె బడి ఉంది. ఆమె బడి అనడం ఊరికే కాదు. నాలుగేళ్ళ క్రితం ఏడుగురు పిల్లలతో ప్రార్థన పాకలో ఆమే మొదలుపెట్టింది. ఇప్పుడు నలభై ముగ్గురు. మట్టి గోడలు లేచాయి, తలుపు వచ్చింది, తలుపుకు తాళం వచ్చింది. సర్కారు గుర్తింపు ఒక్కటే రావాలి. ఈసారి తనిఖీలో అది రాకపోతే వేసవి సెలవుల తర్వాత బడి తెరిచేది లేదని మిషను వారు ఖండితంగా చెప్పేశారు.

ఆ సోమవారం పొద్దున దయామణి చక్రం తిప్పుతూనే మాట కదిపింది.

"ఈ వారంలో ఎప్పుడైనా ఇన్‌స్పెక్ట్రెస్ గారు వస్తారంట. ఈ నాలుగు రోజులూ బక్కయ్యను పిలవండి. ఈ పొగ పీల్చి పోతే మధ్యాహ్నం దాకా నాకు తల తిరుగుతానే ఉంటంది."

బక్కయ్య నాలుగిళ్ళ అవతల ఉండే ముసలాయన. ఒకప్పుడు కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఊదిన మనిషి. పిలిస్తే వస్తాడు.

ప్రభుదాసు బానెట్టు కింద నుంచి తల ఎత్తలేదు. "రెండో బస్సుకు పర్మిట్ అర్జీ పెట్టానని తెలుసు గదా. నరసరావుపేట రూటు. ఇప్పుడు ప్రతి పైసా దానికే. ఒక్క నెల ఓర్చుకో."

"పోయిన సంక్రాంతికీ ఒక్క నెలే అన్నారు."

"ఒక్క నిమిషం లేటయినా ఒకడు ఫిర్యాదు రాసి పడేస్తాడు, అర్జీ పోద్ది. నువ్వు తిప్పినంత శ్రద్ధగా బక్కయ్య తిప్పుతాడా?"

మెచ్చుకోలులాగే ఉంది మాట. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గాని, ప్రభుదాసు పెరటి చెట్టును వేళ్ళతో సహా నూరుకుని తాగే రకం. అలాగని చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. మిషను డాక్టరుగారి కారు తోలిన చేతులతో సొంత బస్సు తోలుతున్నానన్న సంబరం అతనికి ఇంకా తీరలేదు. నిన్న ఆదివారం కూడా మిషను గుడికి పోకుండా ఒక పెళ్ళివారిని తోలాడు. సారమ్మ రోజంతా అతనితో మాట్లాడలేదు. మాట్లాడలేదన్న సంగతి అతను గమనించలేదు.

దయామణి గొట్టం చివర మంట నీలంగా వచ్చేదాకా తిప్పి, చీర కొంగుకు బడి తాళంచెవి ముడేసుకుని, చద్దన్నం నాలుగు ముద్దలు మింగి బయలుదేరింది.

సెంటర్లో జనం ఎక్కుతున్నారు. కండక్టరు బాజీ టిక్కెట్లు చింపుతున్నాడు. ప్రభుదాసు పక్కన ముందు సీటు రోజూ దయామణిది. ఈవేళ అందులో తోలు సంచీ పట్టుకుని కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ కూర్చుని ఉంది.

"నువ్వు వెనక్కి పో," అన్నాడు ప్రభుదాసు మెల్లగా. "ఆవిడెవరో ఆఫీసరమ్మ."

వెనక సీటంటే గ్యాసు డబ్బాకు ఆనుకుని ఉండేది. ఇంకెక్కడా చోటు లేకపోతే తప్ప అక్కడ ఎవరూ కూర్చోరు. దయామణి వెళ్ళి కూర్చుంది. పక్కన కోళ్ళగంపతో కొత్తపాలెం గురవమ్మ ఉంది.

"ఏందమ్మాయ్, నిన్ను ఈ పొగలో కూలేశాడు?" అంది గురవమ్మ.

"ఎవరో పెద్దావిడంట పిన్నీ."

ముందు సీట్లో ఆ పెద్దావిడ అడుగుతోంది. "కొత్తపాలెం బడికి తొమ్మిదిన్నరకల్లా చేరాలి. చేరుస్తారా?"

"ఈ బస్సు ఈ పధ్నాలుగు నెలల్లో ఒక్క నిమిషం లేటయింది లేదండి," అన్నాడు ప్రభుదాసు గర్వంగా. అప్పుడు తెలిసింది అతనికి ఆమె ఎవరో. ఆ బడి టీచరు నా భార్యేనండి, ఇదిగో వెనక సీట్లోనే ఉంది అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అద్దంలో వెనక్కి చూశాడు. దయామణి ముక్కు మీద మసి, చేతులకు మసి. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

ఐదు మైళ్ళు పోయాక ఎర్రమిట్ట వస్తుంది. బొగ్గు బస్సుకు బరువుతో ఎక్కుడు ఎక్కే సత్తువ లేదు. అందుకని మిట్ట కింద అందరూ దిగాలి. ఖాళీ బస్సు రొప్పుతూ పైకి పోతుంది, జనం వెనకాల నడిచి పోతారు, పైన మళ్ళీ ఎక్కుతారు. ఇది అందరికీ అలవాటైన సంగతే. ముందు సీటు వాళ్ళు మాత్రం దిగనక్కర్లేదు.

ఎక్కుడు సగంలో దయామణికి కళ్ళు చీకట్లు కమ్మాయి. ముప్పావుగంట పొగ, ఆపైన గంట సేపు డబ్బా పక్కన పొగ. దారి పక్క మైలురాయి మీద కూర్చుని తల మోకాళ్ళ మీద పెట్టుకుంది. ఒక్క క్షణం అనుకుంది. ఎంతసేపయిందో ఆమెకు తెలియలేదు. తల ఎత్తేసరికి మిట్ట మీద బస్సు లేదు. దుమ్ము ఉంది.

పైన జరిగింది ఇది. బాజీ తలలు లెక్కపెట్టాడు. ఇరవై రెండు. చేతిలో టిక్కెట్ల లెక్కా ఇరవై రెండే. "టీచరమ్మ రాలేదు, ఆగండయ్యా," అని గురవమ్మ వెనక నుంచి అరిచింది. "లెక్క సరిపోయింది పెద్దమ్మా, ముందుకు జరుగు," అన్నాడు బాజీ. టిక్కెట్టు లేని తలను లెక్కలోకి తీసుకోకూడదని యజమాని నేర్పిన పాఠం. దయామణికి ఏనాడూ టిక్కెట్టు లేదు. సొంత బస్సుకు టిక్కెట్టేమిటి?

ఇంతవరకైతే పొరపాటే అనుకుందాం. కొత్తపాలెం బడి ముందు బస్సు ఆపి, ఆఫీసరమ్మ దిగి బడి వైపు నడిచాక, "దయా, దిగి తలుపు తియ్యి," అని ప్రభుదాసు వెనక్కి తిరిగి చూశాడు. వెనక సీట్లో కోళ్ళగంప ఒక్కటే ఉంది.

"మొత్తుకుంటానే ఉన్నా గదయ్యా," అంది దిగబోతున్న గురవమ్మ. "ఎక్కుట్లో కూలబడింది నీ పెళ్ళాం. ఎవరు విన్నారు?"

మూడు మైళ్ళు వెనక్కి. మళ్ళీ మూడు మైళ్ళు ముందుకి. పైగా మిట్ట. ముప్పావుగంట లేటు. బస్సులో అచ్చంపేట పోయే షావుకారు అప్పటికే గడియారం తీసి చూస్తున్నాడు. ప్రభుదాసు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అంతా ఆలోచించాడు. ఆలోచించి, తలుపుకు తాళం చూసి వెనక్కి వచ్చిన ఇన్‌స్పెక్ట్రెస్ గారితో, "టీచరు గారు నడిచి వస్తన్నారండి, ఇప్పుడే వచ్చేస్తారు," అని చెప్పి బస్సును అచ్చంపేటకు పోనిచ్చాడు.

దయామణి ఆ మూడు మైళ్ళూ ఎలా నడిచిందో ఆమెకే తెలియాలి. రెండుసార్లు దారి పక్కన వాంతి చేసుకుంది. బడి చేరేసరికి పదకొండయింది. నలభై ముగ్గురు పిల్లలూ ఎండలో వరసగా కూర్చుని ఉన్నారు. ఆవిడ ఎవరో వచ్చి గంటసేపు కూర్చుని, మునసబుగారి బండిలో వెళ్ళిపోయిందని చెప్పారు. తలుపు సందులో ఒక కాగితం మడిచి పెట్టి ఉంది. దయామణి చదువుకుంది. కొంగున తాళంచెవి విప్పి, తలుపు తీసి, పిల్లల్ని కూర్చోబెట్టి, ఎక్కాలు మొదలుపెట్టింది. పదమూడో ఎక్కం దగ్గర గొంతు రాలేదు. పిల్లలే పూర్తి చేశారు.

మధ్యాహ్నం గురవమ్మ వచ్చి మిట్ట మీద బాజీ లెక్క సంగతీ, తర్వాత జరిగిన సంగతీ చెప్పిపోయింది. సాయంత్రం ఐదింటికి తిరుగు బస్సు వచ్చి బడి ముందు ఆగింది. ప్రభుదాసు హారను కొట్టాడు. దయామణి బయటికి వచ్చి, తాళం వేసి, బస్సు వైపు చూడకుండా సత్తెనపల్లి దారిన నడక మొదలుపెట్టింది.

బస్సు మెల్లగా ఆమె పక్కకు వచ్చింది. "ఎక్కవే," అన్నాడు ప్రభుదాసు. "ముందు సీటు ఖాళీగానే ఉంది."

ఆమె నడుస్తూనే ఉంది.

"అందరూ చూస్తన్నారు, బాగుండదు."

"పొద్దున ఎవరూ చూడలేదుగా. ఇప్పుడు చూడనియ్యండి."

"లేటవుతంది దయా."

ఆ మాటకు ఆమె ఆగింది. బస్సులో కూర్చున్నవాళ్ళందరూ కిటికీల్లోంచి తొంగి చూశారు.

"లేటవుతంటే పో," అంది దయామణి. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆమె భర్తను ఏకవచనంలో పిలవడం అదే మొదలు. "ఆపమని నేనడగలేదు. నీ టిక్కెట్లు సరిపోయినయ్యో లేదో చూసుకుని పో."

బాజీ తల వంచుకున్నాడు. ప్రభుదాసుకు ముఖం మాడిపోయింది. నిజంగానే పోయాడు. మిట్ట దాకా పోయాక వెనక్కి వద్దామనుకున్నాడట. గ్యాసు తగ్గిపోతోందని రాలేదట. ఊళ్ళో అందరికీ బస్సు నడిపే మనిషి భార్య ఆ సాయంత్రం సత్తెనపల్లికి వచ్చింది కోటేశ్వర్లు అనే రైతు మిరపకాయల బండి మీద, బస్తాల మధ్య కూర్చుని.

దీపాలు పెట్టే వేళకు ఆమె గడప తొక్కింది. సారమ్మ వరండాలో బియ్యం ఏరుతోంది. ప్రభుదాసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. సమాధానాలన్నీ సిద్ధం చేసుకున్న మనిషిలాగే ఉన్నాడు.

"పొరపాటు జరిగింది," అన్నాడు. "బాజీగాడు లెక్క తప్పాడు."

"బాజీ లెక్క తప్పలేదు. నువ్వు నేర్పిన లెక్క అది. ఇరవై రెండుకి ఇరవై రెండు."

"అమ్మాయ్," అంది సారమ్మ. "మొగుణ్ణి నువ్వూ గివ్వూ అంటన్నావేంది? ఏదో మరిచాడు. మూడు మైళ్ళు నడిస్తే అరిగిపోతావా? నేను కడుపుతో ఉండి నాపరాళ్ళ క్వారీలో బండలు మోశాను."

"మీరు మోశారత్తా. ఎవరూ మోయమనకుండానే మోశారా? ఆ కోపం ఎవరిమీద చూపించారు?" దయామణి కాగితం మడత విప్పింది. "ఇది వినండి. మీ అబ్బాయి ముందు సీట్లో కూర్చోబెట్టి, టయానికి చేర్చిన ఆవిడ రాసింది."

చదివింది. బడిలో పాఠం చెప్పే గొంతుతోనే చదివింది. "ఉదయం తొమ్మిది గంటల ఇరవై అయిదు నిమిషాల నుంచి పదిన్నర వరకు బడికి తాళం వేసి ఉంది. టీచరు లేరు. పిల్లలు ఎండలో ఉన్నారు. ఇటువంటి బడికి గుర్తింపు సిఫారసు చేయడం ఎట్లాగో నాకు తెలియదు."

సారమ్మ చేతిలో చాట ఆగిపోయింది.

"ఆవిడ ఇన్‌స్పెక్ట్రెస్ అని నాకు తెలుసు," అన్నాడు ప్రభుదాసు. గొంతు పెంచాడు, తప్పు చేసినవాళ్ళు పెంచినట్టే. "నీ కోసమే ఆవిణ్ణి టయానికి చేర్చాలని అంత జాగ్రత్తగా తోలాను. అది నీకు కనపడదు. ఈ బస్సు ఎవరి కోసం? రెండో బస్సు ఎవరి కోసం? నా ఒక్కడి కోసమా?"

"బడి దగ్గర వెనక్కి చూశావు. నేను లేను. గురవమ్మ పిన్ని చెప్పింది, ఎక్కుట్లో కూలబడ్డానని. అప్పుడు ఏం చేశావు?"

ప్రభుదాసు మెట్టు మీది దుమ్మును చేత్తో తుడవసాగాడు.

"చెప్పు. అప్పుడు ఏం చేశావు?"

"ఆలోచించాను."

"ఆలోచించి వెళ్ళావు." దయామణి కాగితాన్ని మళ్ళీ మడిచింది. "మర్చిపోయి వెళ్ళుంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. నేను బతికున్నానో పడిపోయానో తెలవకుండా, లెక్క చూసుకుని వెళ్ళావు. పధ్నాలుగు నెలలు నీ చక్రం తిప్పాను. నీకు కల ఉందని తిప్పాను. నాకూ ఒకటి ఉంది. నలభై ముగ్గురు కూర్చునే కల. దాని తలుపు దాకా నువ్వే ఆవిణ్ణి తీసుకుపోయి, తాళంచెవిని మాత్రం మిట్ట మీద పారేసి వచ్చావు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యొద్దు. రేపటి నుంచి నేను చక్రం ముట్టుకోను. నీ బస్సూ ఎక్కను. అంతే."

ఆ పూట ఆ ఇంట్లో వండిన అన్నం వండినట్టే ఉంది.

మంగళవారం తెల్లవారుతుండగానే దయామణి రెండు రొట్టెలు మూట కట్టుకుని కాలినడకన బడికి వెళ్ళిపోయింది. ఎనిమిది మైళ్ళు. ప్రభుదాసు లేచి, డబ్బాలో బొగ్గు పోసి నిప్పు పెట్టాడు. ఇంజనులో ఏదో బిగించాల్సి ఉంది. చక్రం దగ్గర మనిషి లేదు.

"నేను తిప్పుతాలే," అంది సారమ్మ. "ఆ మాత్రం చెయ్యలేనా? చిన్నపిల్ల అలిగిందని బస్సు ఆపుకుంటామా?"

కొంగు బిగించి పిడి పట్టుకుంది. బండలు మోసిన చేతులు. పది నిమిషాలు బాగానే తిప్పింది. గాలి మళ్ళి పొగ ముఖానికి కొట్టింది. దగ్గింది, తిప్పింది. ఇంకో పది నిమిషాలకు ప్రభుదాసుకు చక్రం చప్పుడు వినపడలేదు. చూస్తే సారమ్మ నేల మీద కూర్చుని ఉంది. కళ్ళు తేలేస్తూ గోడ పట్టుకుంది, పక్కకు తిరిగి వాంతి చేసుకుంది.

"అమ్మా." అతను పరుగెత్తుకొచ్చి తల పట్టుకున్నాడు.

సారమ్మ నీళ్ళు తాగి, నోరు తుడుచుకుని అడిగింది. "ఇంకా ఎంతసేపు తిప్పాలి?"

"ఇంకో అరగంటమ్మా. నువ్వొద్దులే, నేను..."

"రోజూ ఇంతేనా?"

"ఆఁ."

"రోజూ ఇది తిప్పి, ఆ పిల్ల బడికి పోయి పాఠం చెప్పిందా? వచ్చి నాకు నీళ్ళు తోడి పెట్టిందా?"

ప్రభుదాసు నేల చూశాడు.

సారమ్మ లేచింది. తూలుతూనే బావి దగ్గరికి వెళ్ళి బిందె నిండా నీళ్ళు తెచ్చింది. ఏం చేస్తోందో అతనికి అర్థమయ్యేలోపలే డబ్బా మూత లాగి నీళ్ళన్నీ నిప్పుల మీద గుమ్మరించింది. ఆవిరి భుస్సున లేచి ఇద్దరినీ కమ్మేసింది.

"అమ్మా, ఏం చేశావే. జనం నిలబడి ఉంటారు సెంటర్లో."

"నిలబడనీ. నా కోడలు మిట్ట మీద కూలబడింది, నీ జనం కాసేపు నిలబడితే ఏమయిద్ది?" సారమ్మ ఖాళీ బిందెను అతని కాళ్ళ దగ్గర పడేసింది. "ఒరేయ్ దాసూ, మీ నాన్న నన్ను బండలు మోయించాడు. చానా ఏళ్ళు మోశాను. అది కష్టమని ఎవరితో చెప్పుకోకపోవడమే గొప్పనుకున్నాను. నిన్న ఆ పిల్ల అడిగిందే, ఆ కోపం ఎవరిమీద చూపించారని. రాత్రంతా నిద్ర పట్టలా. ఇదిగో, ఇప్పుడు చూపించాను. పో, పోయి ఆ కాగితం రాసినామె కాళ్ళు పట్టుకుంటావో, నీ పెళ్ళాం కాళ్ళు పట్టుకుంటావో నీ ఇష్టం."

పధ్నాలుగు నెలల్లో మొదటిసారి ఆ రోజు బొగ్గు బస్సు కదల్లేదు. సెంటరుకు వెళ్ళి ప్రయాణికులకు ఆ మాట చెప్పింది ప్రభుదాసే. తిట్టిన వాళ్ళు తిట్టారు. పిడుగేమీ పడలేదు.

అక్కణ్ణుంచి అతను, ఊరికొచ్చిన ఆఫీసర్లు దిగే ట్రావెలర్స్ బంగళాకు వెళ్ళాడు. ఇన్‌స్పెక్ట్రెస్ గారు వరండాలో రాసుకుంటున్నారు. చెప్పులు విడిచి, జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి అతన్ని చూసింది.

"ఆ టీచరు నీ భార్యేనా? అదే బస్సులో ఉందా?"

"ఉందండి. వెనక సీట్లో."

"నా పక్కన కూర్చుని గంటసేపు నీ బస్సు గొప్పలు చెప్పావు. ఆ ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

ప్రభుదాసు అబద్ధం చెప్పవచ్చు. ఒంట్లో అంత ఓపిక లేకపోయింది.

"ముఖానికి మసి ఉందండి. మీకు చూపించడానికి సిగ్గనిపించింది."

"ఎక్కడి మసి?"

"నా బస్సుదేనండి," అన్నాడు. అన్నాక ఆ మాట అతనికే తగిలింది. బంగళా వరండాలో, పరాయి మనిషి ముందు, ముప్పై రెండేళ్ళ మగవాడు కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఆవిడేమీ కరిగిపోలేదు. "నేను రాసింది అబద్ధం కాదు. తలుపుకు తాళం ఉంది. మీ ఇంటి గొడవ చూసి రిపోర్టు మార్చను," అంది. కలం మూత పెట్టి మళ్ళీ అంది. "రిపోర్టు ఇంకా పంపలేదు. గురువారం మళ్ళీ ఆ దారిన వస్తున్నాను. తలుపు తీసి ఉంటే లోపలికి వస్తాను."

బస్సు లేదు కనక ప్రభుదాసు ఎనిమిది మైళ్ళూ నడిచాడు. ఎర్రమిట్ట ఎక్కుడు నడిచి ఎక్కడం అతనికి అదే మొదలు. ఎప్పుడూ స్టీరింగు ముందు కూర్చునే ఎక్కాడు. సగంలో మైలురాయి కనపడింది. కాసేపు దాని పక్కన నిలబడ్డాడు. అక్కణ్ణుంచి మిట్ట పైన బస్సు ఆగే చోటు స్పష్టంగా కనపడుతుంది. అంటే పైనుంచి ఈ రాయీ కనపడుతుంది. వెనక్కి తిరిగి చూస్తే కనపడుతుంది.

బడి మధ్యాహ్నం గంట కొట్టేదాకా బయట ఎండలోనే నిలబడ్డాడు, నిన్న పిల్లలు కూర్చున్న చోట. దయామణి చూసింది, పాఠం ఆపలేదు. గంట కొట్టాక బయటికి వచ్చింది.

"బస్సేది?"

"అమ్మ నిప్పు ఆర్పేసింది."

దయామణి ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత పెదవి కొస కొద్దిగా వంకర తిరిగింది, వెంటనే సర్దుకుంది.

అతను గురువారం సంగతి చెప్పాడు. మసి సంగతి కూడా చెప్పాడు. అది విన్నాక ఆమె అరచేత్తో ముఖం తుడుచుకుంది.

"మిగతావన్నీ ఎప్పటికో మర్చిపోతానేమో," అంది. "ఇది మర్చిపోవడానికి చానా రోజులు పడుతుంది."

"పట్టనీ. రెండో బస్సు వద్దు దయా. అర్జీ వెనక్కి తీసుకుంటా."

"రెండో బస్సు వద్దని నేను ఏనాడూ అనలేదు. ఈ ఒక్క బస్సు ముందు ఇంట్లోవాళ్ళ ఊపిరి తాగకుండా నడవాలి. బక్కయ్యకు కూలిచ్చి నడుపు. ఆదివారం ఆపి నడుపు. అట్టా నడిచి, ఇంకా మిగిలితే అప్పుడు రెండోది కొను. నేనే పేరు పెడతాను."

"సరే."

"ఇంకోటి. నాకు టిక్కెట్టు కావాలి."

"సొంత బస్సుకు టిక్కెట్టేందే."

"సొంతం గనకనే మిట్ట మీద వదిలేశావు. కొనుక్కున్నవాళ్ళను వదల్లేదు."

బాజీకి ఈ పూటే చెబుతానన్నాడు ప్రభుదాసు.

బక్కయ్య శుక్రవారం నుంచి వస్తానన్నాడు. బుధవారం, గురువారం చక్రం ప్రభుదాసే తిప్పాడు. సారమ్మ వరండాలో కూర్చుని, "నీలంగా రాలేదు, ఇంకా తిప్పు," అని కేకలేస్తూ ఉంది. దయామణి తీరిగ్గా ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుంది.

గురువారం ఇన్‌స్పెక్ట్రెస్ గారు బస్సు దగ్గరికి వచ్చేసరికి ముందు సీట్లో దయామణి కూర్చుని ఉంది. "ఈమె కొత్తపాలెం టీచరు గారండి. మా ఇంటావిడ," అన్నాడు ప్రభుదాసు, సెంటర్లో సగం మందికి వినపడేలా. ఆవిడ తల ఊపి దయామణి పక్కన సర్దుకుని కూర్చుంది.

ఎర్రమిట్ట కింద అందరూ దిగారు. ముందు సీటువాళ్ళు కూడా దిగారు. బస్సు పైకి చేరింది. బాజీ తలలు లెక్కపెట్టాడు. "ఇరవై మూడు. టిక్కెట్లు ఇరవై నాలుగు. ఒక తల తక్కువ అన్నా."

ప్రభుదాసు దిగి వెనక్కి తిరిగి చూశాడు. పధ్నాలుగు నెలల పొగ రెండు రోజుల్లో ఒంట్లోంచి పోదు. దయామణి సగంలో మైలురాయి దగ్గర నిలబడి ఊపిరి తీసుకుంటోంది.

"టయం అవుతందయ్యా," అన్నాడు లోపల్నుంచి అచ్చంపేట షావుకారు, గడియారం తీసి. "నేను కంప్లయింటు రాస్తా."

"రాయండి," అన్నాడు ప్రభుదాసు. "నా పేరు ప్రభుదాసు. బాజీ, ఆయనకు కాగితం ఇయ్యి."

అని గబగబా మిట్ట దిగి వెళ్ళాడు. చెయ్యి పట్టుకోబోతే ఆమె పట్టుకోనివ్వలేదు. పక్కన నడిచాడు. ఆమె ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా నడిచాడు. పైకి వచ్చేసరికి గ్యాసు తగ్గి ఇంజను ఆగిపోయింది. ఇరవై నిమిషాలు మళ్ళీ చక్రం తిప్పాల్సి వచ్చింది. ఇరవై నలుగురూ చుట్టూ నిలబడి చూస్తుండగా యజమాని తిప్పాడు. ఇన్‌స్పెక్ట్రెస్ గారు నీడలో నిలబడి అంతా చూసింది.

కొత్తపాలెం చేరేసరికి పది దాటింది. బస్సు అరగంట పైనే లేటు. పిల్లలు బడి ముందు నిలబడి ఉన్నారు. దయామణి దిగి, కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. తలుపు తెరిచి పక్కకు తప్పుకుంది. ఇన్‌స్పెక్ట్రెస్ గారు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి నడిచింది.

లోపలికి పోబోతూ దయామణి వెనక్కి వచ్చింది. బస్సు దగ్గర నిలబడ్డ భర్త ముందు చెయ్యి చాచింది. "పొద్దున పావలా ఇచ్చాను. టిక్కెట్టు మూడణాలు. చిల్లర రాలేదు."

ప్రభుదాసు జేబులోంచి అణా తీసి ఇవ్వబోయాడు. అతని అరచేతి నిండా బొబ్బలు. రెండు చిట్లిపోయి ఉన్నాయి. ఆమె తన అరచెయ్యి చూసుకుంది. సరిగ్గా అవే చోట్ల తనకు కాయలు కాసి, గట్టిపడి, ఎప్పుడో నొప్పి మానేశాయి.

ఆమె అణా తీసుకుంది. ఆ చేతిని మాత్రం వెంటనే వదల్లేదు.

"ఇంటికి పోయి ఆముదం రాసుకోండి," అంది.

లోపల నలభై ముగ్గురూ లేచి నిలబడి నమస్కారం చెబుతున్న చప్పుడు వినపడింది. దయామణి కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. ప్రభుదాసు ఆ తలుపు వైపు చూస్తూ అక్కడే నిలబడిపోయాడు. బాజీ రెండుసార్లు పిలిచినా వినపడలేదు.